బోర్ పట్టణానికి వెళ్తున్న నర్సుకు: డింకా భాష నేర్చుకోవాలా, ఎలా నేర్చుకోవాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుందాం. దక్షిణ సూడాన్‌లోని బోర్ పట్టణంలో ఒక ఆసుపత్రి ప్రసూతి విభాగంలో మీరు నర్సుగా చేరబోతున్నారు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది డింకాలు కనుక వారి భాష నేర్చుకోవాలా లేక జూబా అరబ్బీతో సరిపెట్టుకోవచ్చా, తెలుగు మాతృభాషగా గలవారికి డింకా ఎంతవరకు పట్టుబడుతుంది, ఆ భాషలో ఏకవచన బహువచనాలకు నియమమే లేదని చదివిన మాట నిజమేనా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, డింకాయే నేర్చుకోండి. శ్రద్ధగా పూనుకుంటే పలకరింపులు, నొప్పి ఎక్కడుంది, ఎన్నాళ్ళ నుంచి, ఇది ఎన్నో కాన్పు వంటి ప్రశ్నలను కొద్ది నెలల్లోనే అడగగలుగుతారు. వచ్చే జవాబులు పూర్తిగా అర్థం కావడానికి మాత్రం చాలా ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల మందు మోతాదు, ఆపరేషన్‌కు అంగీకారం వంటి విషయాలలో దుబాసీని ఎంతమాత్రం వదులుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఒకటుంది: ఈ భాషను పుస్తకం చూసి కాక చెవితో విని నేర్చుకోండి. డింకా వ్యాకరణంలో చాలా భాగం అచ్చు నిడివి, గొంతు తీరు, స్వరం ఎత్తుపల్లాలు అనే మూడింటి మీద నడుస్తుంది. వాడుకలో ఉన్న లిపి వీటిలో కొంత మాత్రమే చూపుతుంది, కొంత అసలే చూపదు.

నేను ధ్వనిశాస్త్రం బోధిస్తాను. హైదరాబాదుకు చదువుల కోసం వచ్చిన బోర్ ప్రాంతపు విద్యార్థులతో రికార్డింగులు చేయడంతో మొదలుపెట్టి, చాలాకాలంగా నైలు పరివాహక ప్రాంతపు భాషల మీద పనిచేస్తున్నాను. అక్కడికి వెళ్ళే వైద్య సిబ్బందికి అప్పుడప్పుడు ఉచ్చారణ పాఠాలు చెబుతుంటాను. కింద వ్రాసినది ఆ అనుభవంతో చెబుతున్నదే.

డింకాలు దక్షిణ సూడాన్‌లో అతి పెద్ద జాతి. శ్వేత నైలుకు రెండు వైపులా, సడ్ అనే మహా చిత్తడి నేలల అంచుల వెంట, పడమట బహ్ర్ అల్ గజల్ మైదానాల వరకు వారి ఊళ్ళు వ్యాపించి ఉన్నాయి. వారు తమను జియెంగ్ అనీ, ముఓన్యజాంగ్ అనీ చెప్పుకుంటారు. వానాకాలంలో మెరక మీది ఊళ్ళలో ఉండి జొన్న పండిస్తారు. వానలు వెనుకపట్టి వరద తీసిన తరువాత యువకులు మందలను తోలుకుని నది ఒడ్డు పచ్చికలకు వెళ్ళి, పశువుల విడుదులలో నెలల తరబడి ఉంటారు. భాష నైలోటిక్ కుటుంబంలో పడమటి శాఖకు చెందినది. దానికి దగ్గరి బంధువు న్యూయెర్, కొంచెం దూరపు బంధువులు షిల్లుక్, ఆచోలీ, కెన్యాలోని లువో.

జూబా అరబ్బీ విషయం త్వరగా ముగిస్తాను. అది రాజధాని జూబాలోనూ ఈక్వటోరియా ప్రాంతంలోనూ వేర్వేరు జాతులవారిని కలిపే భాష, బజారులో మీకు తప్పక పనికివస్తుంది. బోర్‌లో యువకులు చాలామంది యుద్ధకాలంలో కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పెరిగినవారు కనుక వారికి ఇంగ్లీషు, స్వాహిలీ కూడా వచ్చు. 2011 జులై 9న స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి అధికార భాష ఇంగ్లీషే. అయితే మీ వార్డుకు వచ్చేది గ్రామాల నుంచి, పశువుల విడుదుల నుంచి వచ్చే స్త్రీలు. వారిలో చాలామందికి డింకా తప్ప మరో భాష రాదు. పురుటి నొప్పులలో ఉన్న మనిషితో మాట్లాడవలసిన భాష ఆమె తల్లి భాషే.

ఇక ధ్వనుల సంగతి. హల్లుల వరకు తెలుగువారికి మంచి అనుకూలత ఉంది. డింకాలో హల్లులు సుమారు ఇరవై. ఖ, ఘ, భ వంటి ఒత్తక్షరాలు లేవు. సొంత మాటలలో స, శ, ష, హ, ఫ లు కూడా లేవు. పళ్ళకు నాలుక ఆనించి పలికే త, ద, న లు ఒక వరుస, పళ్ళ వెనుక చిగురు మీద పలికేవి మరొక వరుస. ఈ రెండో వరుసను మనం ట, డ అని వ్రాసుకోవచ్చు గాని, నాలుకను మన 'ట'కు మడిచినంతగా వెనక్కి మడవకూడదు. ఇంగ్లీషువారు 'టీ' అన్నప్పుడు వినిపించే ట సరిపోతుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ రెండు వరుసలను వేరు చేసి వినడానికే ఎంతో శ్రమపడతారు. పుట్టుకతోనే త-ట తేడా విన్న చెవులు మనవి కనుక మీకు ఆ బాధ ఉండదు. మన వర్ణమాలలో ఉండి నోటికి విడిగా తగలని ఙ, ఞ లు డింకాలో మాట మొదట్లోనే వస్తాయి. ఙోర్ అనే పేరును ముందు 'అ' చేర్చకుండా, ఙ తరువాత 'గ' వినబడకుండా పలకడం అభ్యాసం చేయండి. 'అంగడి'లో సున్న దగ్గర నాలుక వెనుక భాగం ఎక్కడ ఆగుతుందో గమనించి, అక్కడి నుంచే మాట మొదలుపెట్టడం ఒక పద్ధతి. నా దగ్గర నేర్చుకున్నవారికి ఇదే తొందరగా పట్టుబడింది.

కష్టమంతా అచ్చులలో ఉంది. నోరు, నాలుక ఉండే తీరును బట్టి చూస్తే అచ్చులు ఏడు: ఎ, ఒ లలో నోరు ఇరుకుగా ఉంచి పలికేది ఒకటి, వెడల్పుగా తెరిచి పలికేది ఒకటి చొప్పున రెండేసి ఉన్నాయి. వీటిలో దాదాపు అన్నింటినీ మామూలు గొంతుతో ఒక విధంగా, ఊపిరి కలిపిన గొంతుతో మరొక విధంగా పలుకుతారు. మనం భ, ఘ పలికినప్పుడు హల్లుతో పాటు వచ్చే ఆ ఊపిరి, డింకాలో అచ్చు పొడవునా నడుస్తుంది. ఈ ఊపిరి అచ్చులకు గుర్తుగా లిపిలో అక్షరం మీద రెండు చుక్కలు పెడతారు, కానీ ఫోన్‌లో సందేశాలు వ్రాసుకునేవారు చాలాసార్లు ఆ చుక్కలను వదిలేస్తారు.

నిడివి మరీ విశేషమైనది. మనకు హ్రస్వం, దీర్ఘం అని రెండే ఉన్నాయి. ప్లుతం అని మూడోది సంస్కృత వ్యాకరణంలో చదువుకున్నా, అది దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు సాగదీసే అచ్చు. డింకాలో ఈ మూడో నిడివి పిలుపుకు పరిమితమైనది కాదు, మామూలు మాటలో అర్థాన్ని వేరు చేస్తుంది. ప్రపంచ భాషలలో ఇలా మూడు నిడివులను పాటించేవి బహు తక్కువ. డెన్మార్క్ భాషావేత్త టోర్బెన్ ఆండర్సన్ 1987లో అగార్ అనే డింకా మాండలికపు ధ్వని వ్యవస్థను వర్ణించారు. ఆ తరువాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ రెమైసెన్, ఆయన సహచరులు లువాన్యజాంగ్ మాండలికంలో ఈ మూడు నిడివులను యంత్రాలతో కొలిచి నిరూపించారు. లిపిలో మాత్రం పొట్టి అచ్చుకు ఒక అక్షరం, పొడుగు అచ్చుకు రెండు అక్షరాలు వ్రాస్తారు. ఇలా మూడింటిని రెండు గుర్తులలో ఇమడ్చవలసి వస్తుంది.

స్వరం ఎత్తుపల్లాలు మాండలికాన్ని బట్టి మూడో నాలుగో ఉంటాయి. వేదపఠనం విన్నవారికి అనుదాత్తం, ఉదాత్తం, స్వరితం అనే తేడా చెవికి తెలిసే ఉంటుంది. కింద, పైన, పైనుంచి జారడం అనే డింకా స్వరాలను గుర్తించడానికి ఆ చెవి సాయపడుతుంది. అయితే వేదంలో స్వరం పఠన నియమం, ఇక్కడ అది పదానికి ప్రాణం. వాడుక లిపిలో దీనికి గుర్తే లేదు. ఒకసారి ఒక విద్యార్థి కాగితం మీద ఒకే అక్షరాలతో వ్రాసిన రెండు మాటలను నాకు చదివి వినిపించాడు. తేడా ఏమిటో తేలక, పెదవులు కదపకుండా ఆ రెండింటినీ ఈలగా వేయమన్నాను. మొదటిది నిలకడగా ఒకే ఎత్తున సాగింది, రెండోది ఎత్తున మొదలై చప్పున కిందికి జారింది. హల్లులు, అచ్చులు అడ్డు తొలగగానే స్వరం ఒక్కటే మిగులుతుంది. అర్థం కాని మాట ఎదురైనప్పుడల్లా మీ దుబాసీని ఈల వేయమని అడగండి. ఆ మాటను ఒకే చట్రం వంటి వాక్యంలో, అంటే 'నేను ఫలానా అన్నాను' అనే వాక్యం మధ్యలో పెట్టి చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. విడిగా పలికిన మాటలో నిడివి నమ్మదగినట్టు వినిపించదు, వాక్యం చివర అచ్చు సాగిపోతుంది.

ఇంత సూక్ష్మంగా ఎందుకు చెబుతున్నానంటే, డింకా మాటల మూలరూపాలు చాలావరకు ఒకే అక్షరం ఉచ్చారణ పొడవున ఉంటాయి. తెలుగులో పట్టు, పట్టుకెళ్ళు, పట్టుకురా, పట్టిపెట్టు అని మాటకు మాట చేర్చి చెప్పే భేదాలను, అంటే పని అవతలికి సాగుతోందా, ఇవతలికి వస్తోందా, మరొకరి కోసం జరుగుతోందా అనే వాటిని డింకా క్రియ తన ఒక్క అచ్చును సాగదీసి, గొంతు మార్చి, స్వరం మార్చి చెబుతుంది. చివర ఏ ప్రత్యయమూ కనబడదు కనుక 'ఈ భాషకు వ్యాకరణం తక్కువ' అని పూర్వం కొందరు పొరబడ్డారు. నిజానికి ఇంత దట్టమైన వ్యాకరణాన్ని ఇంత చిన్న మాటలో ఇమిడ్చిన భాషను నేను మరొకటి చూడలేదు.

బహువచనం గురించి మీరు చదివినది చాలావరకు నిజం. మన 'లు' వంటి ప్రత్యయం లేదు. పొలం డొమ్ అయితే పొలాలు డుమ్. మీకు రోజూ పనికివచ్చే మాటనే తీసుకుంటే, బిడ్డ మెత్, బిడ్డలు మిత్. కొన్ని మాటలకు రెండు వేరు వేరు రూపాలే ఉన్నాయి: మనిషి రాన్, మనుషులు కొచ్, ఆవు వెంగ్, ఆవులు ఘోక్ (ఈ ఘ మన ఒత్తక్షరం కాదు, గొంతులో ఒరుసుకుంటూ వచ్చే గ), స్త్రీ టిక్, స్త్రీలు డియార్. లోపలి అచ్చు మార్పు ఏ మాటకు ఎలా జరుగుతుందో ముందే ఊహించడానికి వీలుందా అని రాబర్ట్ లాడ్, రెమైసెన్, డింకా మాతృభాషగా గల మాన్యాంగ్ కలిసి పరిశీలించి 2009లో ప్రచురించారు. ఎక్కువ మాటలకు వర్తించే ప్రధాన సూత్రమంటూ ఏదీ తేలలేదు. అయినా అక్కడి పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా నేర్చుకుంటున్నారు, ఎందుకంటే వారు రెండు రూపాలనూ జంటగా వింటారు. మీరూ అలాగే చేయండి. ప్రతి నామవాచకాన్నీ ఒంటరిగా కాకుండా జతగానే కంఠస్థం చేయండి. ఇంకొక చిక్కు కూడా ఉంది: నామవాచకం వెంట కొన్ని విశేషణాలు చేరినప్పుడు దాని రూపం మారుతుంది. చివరనున్న క, ట వంటి పరుషాక్షరం అదే స్థానపు అనునాసికంగా మారడం తరచుగా వింటారు. నిఘంటువులో వెదికిన మాట నోటిలో వేరుగా వినబడితే ముందు ఈ కారణాన్ని అనుమానించండి.

వాక్య నిర్మాణం మీద రెండు మాటలు చాలు. తెలుగులో 'తల్లి పాలు తాగించింది', 'పాలు తల్లి తాగించింది' అని పదాలను అటూ ఇటూ మార్చినా క్రియ మారదు. డింకాలో దేని గురించి మాట్లాడుతున్నామో అది ముందు వస్తుంది, క్రియ గాని సహాయక క్రియ గాని రెండో స్థానంలో నిలుస్తుంది, ముందుకు వచ్చినది కర్తా కర్మా లేక చోటు, సాధనం వంటిదా అన్నదాన్ని బట్టి ఆ క్రియ రూపం మారుతుంది. క్రియ తరువాత మిగిలిపోయిన కర్తను స్వరం మార్చి సూచిస్తారు. మొదటి ఏడాదిలో కర్తతో మొదలయ్యే వాక్యాలనే వాడండి, అవతలివారికి అర్థమవుతుంది.

మీ పనికి నేరుగా ఉపయోగపడేవి పేర్లు. డింకాలకు మనకున్నట్టు ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెబుతారు. ఒకే పేరు గలవారు చాలామంది ఉంటారు కనుక రిజిస్టరులో తాత పేరు దాకా వ్రాసుకోండి. పేరులోనే కాన్పుల చరిత్ర ఉండవచ్చు. కవలలకు చాన్, ఙోర్ వంటి పేర్లు పెడతారు, కవలల తరువాత పుట్టిన మగబిడ్డ బోల్, ఆడబిడ్డ న్యిబోల్. చోల్ అన్నది సాధారణంగా అంతకు ముందు ఒక బిడ్డను పోగొట్టుకున్న ఇంట పుట్టినవాడి పేరు. కాబట్టి తల్లి తన పెద్ద కొడుకు పేరు చోల్ అని చెబితే, అంతకు ముందు కాన్పు గురించి మెత్తగా అడగండి. ఒంటరిగా అడిగిన ప్రశ్నకు రాని జవాబు, పేరు గుర్తించి అడిగితే వస్తుంది. అయితే పేరును రుజువుగా తీసుకోవద్దు, తాతముత్తాతల పేర్లు పెట్టుకునే ఆచారమూ ఉంది. ప్రపంచానికి తెలిసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు, 2.31 మీటర్ల ఎత్తున్న మనూట్ బోల్ డింకాయే, ఆయన తరువాత పేరొందిన లుయోల్ డెంగ్ కూడా డింకాయే. డెంగ్ అంటే వాన, వానతో ముడిపడిన దైవం పేరు కూడా అదే.

పురుషుల పేర్లలో 'మ'తో మొదలయ్యేవి అనేకం ఎద్దుల రంగుల పేర్లు. మన పల్లెల్లో పుల్లావు, మైలావు, బొల్లావు అన్నట్టే వారికి రంగుకూ మచ్చకూ పేరుంది, కాకపోతే ఆ జాబితా మనదానికంటే ఎన్నో రెట్లు పెద్దది, అది మనిషి పేరుగా, పాటగా, పొగడ్తగా మారుతుంది. మాబియోర్ తెల్లది, మాచార్ నల్లది, మాలువాల్ ఎర్ర గోధుమ రంగుది, మాజోక్ నలుపు తెలుపు కలిసినది, మాకువాచ్ చిరుతపులి మచ్చలది, మాకుయెయ్ చేపలను పట్టే గద్ద రంగుల పొందికను పోలినది. దక్షిణ సూడాన్ విముక్తి ఉద్యమ నాయకుడు జాన్ గరాంగ్ పూర్తి పేరు జాన్ గరాంగ్ డె మాబియోర్. యువకుడు తన ఎద్దు మీద తానే పాట కట్టి, చేతులు కొమ్ముల్లా పైకి వంచి ఆడుతూ పాడతాడు. ఒక విద్యార్థి నాకు మాకుయెయ్ గురించి చెప్పేటప్పుడు రంగులు చెప్పడం మానేసి, కాగితం మీద ఎద్దు తలను గీసి తెలుపు ఎక్కడ ఆగుతుందో పెన్సిలుతో నీడ వేసి చూపించాడు. ఆ గీత సరిగ్గా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు చెరిపి గీశాడు. వార్డు బయట చెట్టు కింద కూర్చున్న భర్తనో మామనో ఆవుల గురించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి, సంభాషణ తెరుచుకుంటుంది.

ఇందులో ఆచరణకు సంబంధించిన విషయం ఒకటుంది. పెళ్ళిలో వరుడి వైపువారు వధువు బంధువులకు పశువులను ఇస్తారు, ఆ పశువులు ఎందరో బంధువులకు పంచబడతాయి. అందువల్ల స్త్రీ ఆరోగ్యం, ముఖ్యంగా సిజేరియన్ వంటి నిర్ణయం, ఆమె ఒక్కతే తీసుకునేదిగా చాలా కుటుంబాలు భావించవు. భర్త తరఫు పెద్ద ఎవరో, ఎక్కడున్నారో ఆమె చేరిన తొలి గంటలోనే కనుక్కోండి. అత్యవసరం ముంచుకొచ్చాక ఆయన కోసం వెదకడం ప్రాణాంతకం కావచ్చు. కింది ముందు పళ్ళు లేని పెద్దవారిని చూసి దంతవ్యాధి అనుకోవద్దు, వాటిని చిన్ననాడే తీయించే ఆచారం ఉంది.

పుస్తకాల విషయంలో జాగ్రత్త అవసరం. డింకాకు ఐదు ప్రధాన మాండలిక వర్గాలను లెక్కిస్తారు: పడాంగ్, రువెంగ్, అగార్, రెక్, బోర్. కొంబోని అనే కాథలిక్ సంఘపు మిషనరీ నెబెల్ 1948లో ప్రచురించిన వ్యాకరణం చాలామంది చేతిలో కనబడుతుంది, అది రెక్, మాలువాల్ ప్రాంతాల భాషకు చెందినది. లిపి 1928లో జూబా దగ్గరి రెజాఫ్‌లో జరిగిన భాషా సమావేశంతో ఒక కుదురుకు వచ్చింది. కానీ వ్రాత ఒక్కటైనా బోర్‌లో వినబడే అచ్చులు, స్వరాలు రెక్‌లో ఉన్నట్టు ఉండవు. కాబట్టి బోర్ మనిషి గొంతే మీకు పాఠ్యపుస్తకం కావాలి. ఆస్ట్రేలియాలోని ఎస్.బి.ఎస్. రేడియో డింకాలో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది, ఇంటి దగ్గర ఉండగానే వినడం మొదలుపెట్టండి. బోర్ చర్చీలలో స్త్రీలు పాడే కీర్తనలు వినడానికి బాగుంటాయి, అక్కడ చాలామందికి చదువు అబ్బింది ఆ కీర్తనల పుస్తకాలతోనే. కాని పాటలో రాగం మాట స్వరాన్ని కమ్మేస్తుంది కనుక స్వరం నేర్చుకోవడానికి పాట మీద ఆధారపడవద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక వైద్యుడు ప్రశ్నలన్నీ రోమన్ అక్షరాలలో వ్రాసుకుని చూసి చదివేవారు, రోగులు మర్యాదగా తలూపేవారే తప్ప జవాబిచ్చేవారు కాదు. అవే ప్రశ్నలను ఒక బోర్ స్త్రీ చేత చెప్పించి, రికార్డింగుతో పాటు గొంతు కలిపి పలకడం మొదలుపెట్టాక జవాబులు రావడం మొదలైంది.

మరొక హెచ్చరిక. డింకా, న్యూయెర్ భాషలు దగ్గరివే అయినా ఒకరి మాట మరొకరికి నేర్చుకోకుండా అర్థం కాదు. అంతకంటే ముఖ్యంగా, బోర్ 1991లో న్యూయెర్ దళాల చేతిలో డింకాల దారుణమైన ఊచకోతను చూసింది, 2013 డిసెంబరులో మొదలైన యుద్ధంలో పలుమార్లు చేతులు మారింది, 2014 ఏప్రిల్‌లో అక్కడి ఐక్యరాజ్యసమితి స్థావరంలో తలదాచుకున్న న్యూయెర్ కుటుంబాల మీద దాడి జరిగింది. రెండు వైపులా ఆప్తులను పోగొట్టుకున్నవారు మీ వార్డులో పక్కపక్క మంచాల మీద ఉండవచ్చు. నుదుటి మీది గీతలు చూసి 'మీరు ఏ జాతివారు' అని పదిమందిలో అడగవద్దు. ఏ భాషలో మాట్లాడితే మీకు సౌకర్యం అని అడగండి, కావలసిన సమాచారం దానితోనే దొరుకుతుంది.

మొదటి వారంలోనే నేర్చుకోవలసినవి: పలకరింపుకు కుడువాల్, కృతజ్ఞతకు యిన్ చా లేచ్, బిడ్డకు మెత్-మిత్ జంట, ఆపైన రుతువుల పేర్లు. ఆఖరి ముట్టు తేదీ అడిగితే పల్లెల నుంచి వచ్చినవారు నెల పేరు చెప్పలేకపోవచ్చు, రుతువు మాత్రం కచ్చితంగా చెబుతారు. కేర్ తొలకరి, రుయెల్ ముసురు వానల కాలం, రుట్ కోతల తరువాతి చల్లని పొడి కాలం, మేయ్ నీళ్ళు ఇంకిపోయి మందలు నది ఒడ్డున ఉండే ఎండాకాలం. 'మందలు నదికి వెళ్ళకముందా, వెళ్ళాకా?' అని ఒక్క ప్రశ్న చేరిస్తే అంచనా ఇంకా దగ్గరికి వస్తుంది. ఈ నాలుగు పేర్లను బోర్ యాసలో మీ దుబాసీ చేత రికార్డు చేయించుకుని, ఆ ఏడాది వానలు ఎప్పుడు పడ్డాయో స్థానిక సిబ్బందిని అడిగి, గర్భిణుల చీటీలో నెలల పక్కన వ్రాసి ఉంచుకోండి.